షియాన్‌ల మ్యూజియాలు, పాత గల్లీలు ఎట్ల చూడాలె: వరంగల్ దిక్కు నుంచి పోయేటోళ్ల కోసం

మన వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి చైనా పోయేటోళ్లు చానా మందే ఉన్నరు, కొందరు పిల్లలు మెడిసిన్ చదువుతున్నరని పోతరు, కొందరు సామాను కొనుక్కొచ్చే పని మీద పోతరు. ఏ పని మీద పోయినా ఒక నాలుగైదు రోజులు మిగిల్చుకొని షియాన్ చూసి రాండ్రి అని అందరికి చెప్తుంట. బీజింగ్, షాంఘై గురించి అందరు చెప్తరు గని, చరిత్ర అంటే ఇష్టం ఉన్నోళ్లకు షియాన్‌ను మించిన ఊరు చైనాల లేదని నా నమ్మకం. ఎన్కట చాంగాన్ అన్న పేరుతోని టాంగ్ రాజులకు రాజధాని ఇదే, అంతకు ముందు హాన్ రాజులకు, ఇంకా ముందు చిన్ రాజ్యానికి రాజధాని సుత ఈ చుట్టుపక్కలనే.

ముందు ఒక్క ముచ్చట పట్టుకోండ్రి, మిగిలిన ప్లాన్ అంతా దాన్నిబట్టే ఉంటది. మ్యూజియాలన్నీ ఒక రోజు, పాత బస్తీలన్నీ ఇంకో రోజు అని విడగొట్టొద్దు. షియాన్‌ల అద్దాల పెట్టెల ఉన్న వస్తువు చానాసార్లు ఆ ఊరి మట్టిల నుంచే వచ్చింది, ఒక్కోసారి ఆ మ్యూజియం నుంచి నడిచిపోయేటంత దూరంలనే దొరికింది. అందుకే ఒక మ్యూజియం, దాని పక్కన ఉన్న గల్లీ లేకపోతే గుడి, రెండిటినీ జోడిగ పెట్టుకొని పూటకో జోడి చూడాలె. పొద్దుగాల మ్యూజియంల నిలబడి నిలబడి కాళ్లు నొస్తయి, పగటికి తిండి తిని గల్లీల తిరిగితే పాణం తేలికైతది, చూసింది సుత మతికుంటది.

వీసా ముచ్చట ఫస్ట్. చైనా చానా దేశాలోళ్లకు 240 గంటల ట్రాన్సిట్ వీసా ఫ్రీ ఇస్తుంది గని ఆ లిస్టుల మన ఇండియా లేదు, కాబట్టి మనం వీసా తీస్కొనే పోవాలె, ఇంటర్నెట్ల వేరే దేశపోళ్లు పెట్టిన వీడియోలు చూసి వీసా అవసరం లేదనుకోకుండ్రి. హైదరాబాద్ నుంచి బ్యాంకాకో, సింగపూరో, కౌలాలంపూరో మారి పోవచ్చు. బీజింగ్ దాకా పోయినోళ్లయితే హైస్పీడ్ ట్రైన్‌ల ఐదారు గంటల్ల షియాన్ నార్త్ స్టేషన్‌ల దిగుతరు, ట్రైన్‌కు కాయితం టికెట్ అక్కరలేదు, పాస్‌పోర్టే టికెట్.

ఇగ ఫోన్. ఆడ గూగుల్ లేదు, వాట్సాప్ లేదు, హోటల్ వైఫై మీద అవేవీ తెరుచుకోవు. మన సిమ్ము మీద ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేస్కొని పోతే మాత్రం పనిచేస్తయి, ఎందుకంటే రోమింగ్ డేటా మన దేశం కంపెనీ నుంచి తిరిగి వస్తది. ఇంటి నుంచి బయలెల్లకముందే మెసేజ్‌లకు వాడే వీచాట్, పైసలు కట్టే అలీపే యాప్‌లు రెండూ ఎక్కించుకొని పాస్‌పోర్ట్ వివరాలు ఇచ్చి, ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసిన వీసా కార్డో మాస్టర్ కార్డో అలీపేకు జోడించుండ్రి. మన యూపీఐని నమ్ముకొని పోకుండ్రి, మక్కబుట్టలు అమ్మే అవ్వ దగ్గర సుత క్యూఆర్ కోడే ఉంటది గని అది వాళ్ల క్యూఆర్ కోడు. 200 యువాన్లు దాటిన ఒక్కో పేమెంటు మీద ఫారిన్ కార్డుకు 3 శాతం కట్ అయితది, అందుకే పెద్ద బిల్లును చిన్నగ చేసి కట్టే వీలుంటే కట్టుండ్రి. కొంచం నగదు సుత పెట్టుకోండ్రి, తీస్కుంటరు. యువాన్ అంటే మన లెక్కల సుమారు 12, 13 రూపాయలు.

మ్యాప్‌కు గూగుల్‌ను నమ్ముకోకుండ్రి. చైనాల మ్యాపుల లెక్క వేరే ఉంటది, గూగుల్ చూపెట్టే జాగ అసలు జాగకు కొన్ని వందల మీటర్లు పక్కకు పోతది. ఏమ్యాప్ అనే అక్కడి యాప్ వాడుండ్రి, ఐఫోన్ ఉన్నోళ్లకు ఆపిల్ మ్యాప్స్ మంచిగనే పనిచేస్తది. ట్రాన్స్‌లేషన్ యాప్‌ల చైనీస్ ప్యాక్ ఆఫ్‌లైన్ల డౌన్‌లోడ్ చేస్కోండ్రి, కెమెరా పెట్టి బోర్డులు చదువుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద పని బుకింగ్. ఆడ పెద్ద మ్యూజియాలు చానావరకు పేరు, పాస్‌పోర్ట్ నంబర్ ఇచ్చి ముందుగాల బుక్ చేస్కోవాలె, ఫ్రీ ఉన్న మ్యూజియానికి సుత స్లాట్ ఉండాల్సిందే, స్లాట్ లేకుంటే గేటు కాడికెళ్లే తిరిగి రావాలె. బుకింగ్ వీచాట్ లోపట చిన్న ప్రోగ్రాముల ఉంటది. రోజూ ఒక టైంకు కొత్త స్లాట్లు ఇడుస్తరు, చైనా టైం మనకన్నా రెండున్నర గంటలు ముందు, అంటే ఆడ సాయంత్రం 5 అయినప్పుడు మనకు మధ్యాహ్నం 2:30, ఈ లెక్క చూసుకొని అలారం పెట్టుకోండ్రి. మన పేర్ల తోని జర ఇబ్బంది ఉంటది, ఇంటిపేరు ముందుండాల్నా ఎనక ఉండాల్నా అని. పాస్‌పోర్టుల ఏ వరుసల ఉందో గట్లనే పెట్టుండ్రి, ఇంటిపేరును పొట్టిగ చేసి ఒక్క అక్షరం పెట్టొద్దు. పోయేటప్పుడు అసలు పాస్‌పోర్ట్ చేతిల ఉండాలె, జిరాక్స్ నడవది, ఫోన్ల ఫోటో నడవది.

ఎక్కడ దిగాలె అంటే బెల్ టవర్ కాడ గాని సౌత్ గేట్ కాడ గాని. ఎందుకంటే మెట్రో 2వ నంబర్ లైన్ ఊరి నడుమ నుంచి పైకెళ్లి కిందికి పోతది, నార్త్ రైల్వే స్టేషన్, బెల్ టవర్, సౌత్ గేట్ అన్నీ దాని మీదనే, రెండు మ్యూజియాలు సుత ఆ లైన్ పొంటే. హోటల్ ఫారినర్లను తీస్కుంటదా అని బుక్ చేసేముందు అడుగుండ్రి. మన పిల్లల రూంల ఉందామనుకునే అమ్మానాయినలకు ఒక మాట, హోటల్ అయితే పోలీస్ రిజిస్ట్రేషన్ వాళ్లే చేస్తరు, ఇంట్ల ఉంటే మీరే 24 గంటల లోపట దగ్గరి పోలీస్ స్టేషన్‌ల చేస్కోవాలె, దీన్ని తేలికగ తీస్కోవద్దు.

మొదటి జోడి సౌత్ గేట్ కాడ. కోటగోడ, దాని లోపలి దిక్కు బేలిన్ అనే రాతి శాసనాల మ్యూజియం, రెండిటి నడుమ షుయువాన్ మెన్ గల్లీ. ఈ గోడ మింగ్ రాజుల కాలంల 1370 నుంచి 1378 దాకా కట్టింది, చుట్టు కొలత దాదాపు 14 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన వెడల్పు సుత అంతే ఉంటది. లోపల దంచిన మట్టి, బయిట ఇటుకల తొడుగు. మన వరంగల్ కోటల మట్టికోట, రాతికోట వేరు వేరుగ రెండు వరుసలుంటే ఈడ రెండు పనులూ ఒక్క గోడలనే చేసినట్టు అనిపిస్తది నాకు. మన కోట లోపట ఇప్పటికీ ఊరు బతుకుతున్నట్టే షియాన్ గోడ లోపట సుత బడులున్నయి, బస్టాపులున్నయి, బాల్కనీల బట్టలు ఆరేసుకుంటరు. పైకెక్కి సైకిల్ కిరాయికి తీస్కోవచ్చు, టైం లిమిట్ ఉంటది, ఆగుకుంట తొక్కుకుంట పోతే రెండు గంటల దాకా పడ్తది. ఇటుకల మీద సైకిల్ గడగడ ఊగుతది కాబట్టి నడుం నొప్పి ఉన్నోళ్లు నడుచుడే మంచిది, చుట్టంతా తిరగాలని ఏం లేదు, సౌత్ గేట్ నుంచి తూర్పుకు కొంత దూరం పోయి దిగినా సరిపోతది. సాయంత్రం దీపాలు పెట్టినంక ఇంకా మంచిగుంటది, ఎండకాలం అయితే పగటీలి అసలే ఎక్కకుండ్రి, నీడ అనేదే ఉండది.

బేలిన్ మ్యూజియం చానా మంది వదిలేస్తరు, రాళ్ల మీద చైనీస్ రాతలు మనకేం అర్థమైతయి అని. నేనైతే ఇది వదలొద్దు అంట. 1087ల మొదలైన సేకరణ ఇది, పాత కన్ఫ్యూషియస్ గుడి జాగల ఉన్నది. 837ల పూర్తి చేసిన రాతి గ్రంథాలు 114 పలకల మీద రెండు దిక్కులా చెక్కి ఉంటయి, అచ్చు పుస్తకాలు లేని రోజుల్ల చదువుకునే పిల్లలు తప్పులు రాసుకోకుండా ఇదే అసలు పాఠం అని నిలబెట్టినయి. వేయిస్తంభాల గుడి కాడ శాసనం చూస్తే మనకు ఏమనిపిస్తదో దాన్ని హాళ్లకు హాళ్లు నింపితే ఎట్లుంటదో ఊహించుకోండ్రి. 781 నాటి నెస్టోరియన్ అనే పాత క్రైస్తవ శాఖోళ్ల శిలను వెతికి చూడుండ్రి, క్రైస్తవం చైనాకు వచ్చిన కథ చైనీస్‌ల, కొంత సిరియాక్ లిపిల చెక్కి ఉంటది, అది తాబేలు బొమ్మ మీద నిలబడి ఉన్నది. టాంగ్ చక్రవర్తి తైజోంగ్ యుద్ధ గుర్రాలు ఆరిటిని రాతిల చెక్కిచ్చిండు, అందుల నాలుగు ఈడనే ఉన్నయి, రెండు అమెరికాల ఫిలడెల్ఫియా మ్యూజియంకు పోయినయి. అవి చూసినప్పుడు మన దగ్గర నుంచి పోయిన శిల్పాలు యాదికొస్తయి, బాధనే అనిపిస్తది. బయిటికొస్తే షుయువాన్ మెన్ గల్లీల కుంచెలు, సిరా, కాయితాలు అమ్మే దుకాణాలుంటయి. రాతి మీద తడి కాయితం అద్ది సిరా కొట్టి తీసిన అచ్చు కొనుక్కోవచ్చు, గుండ్రంగ చుట్టి గట్టి గొట్టంల పెట్టిస్తరు.

రెండో జోడి బెల్ టవర్, డ్రమ్ టవర్ ఎనకాల ఉన్న ముస్లిం బస్తీ. హుయ్ ముస్లింలు తరతరాలుగ ఉంటున్న జాగ ఇది. మెయిన్ సడక్ మొత్తం టూరిస్టుల తోని కిటకిటలాడుతది, రేట్లు ఎక్కువ, అరుపులు ఎక్కువ, ఒకసారి ఆ సప్పుడు చూసి జల్ది పక్క గల్లీలకు మళ్లుండ్రి. పడమర దిక్కు దపియువాన్, సాజిన్‌చియావ్ అనే సడకులున్నయి, అక్కడ ఊరోళ్లు తింటరు. గొర్రె మాంసం పులుసుల గట్టి రొట్టెను మనమే చేతులతోని చిన్న చిన్న తునకలు చేసి వేస్కునే పావ్‌మో అని ఉంటది, రొట్టె ఎంత చిన్నగ తుంచితే అంత మంచిగుంటది, తొందరపడొద్దు. కారం మన దిక్కోళ్లకు సరిపోతది. ముస్లిం బస్తీల పంది మాంసం ఉండది, హలాల్ కావాల్సినోళ్లకు రంది లేదు. మాంసం తిననోళ్లకు లియాంగ్‌పీ అనే చల్లటి నూడుల్స్ ఉంటయి, ఖర్జూరాలతోని ఉడికిచ్చిన జిగురు బియ్యం ముద్ద ఉంటది, దానిమ్మ రసం ఉంటది. "వో చ్-సూ" అంటే నేను శాకాహారిని అని, అయినా ఫోన్ల చైనీస్‌ల రాసి పెట్టుకొని చూపెట్టుండ్రి, మాంసం పులుసు సుత వద్దు అని విడిగ రాయుండ్రి.

ఆ బస్తీ లోపటనే గ్రేట్ మసీద్ ఉన్నది. సన్నటి గల్లీల నుంచి, బ్యాగుల దుకాణాల నడుమ నుంచి పోతే తలుపు కనవడ్తది, చానామంది దాటిపోతరు. 742ల పెట్టింది అని చెప్తరు, ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువ మింగ్ కాలంవి. గుమ్మటం ఉండది, మన మసీదుల లెక్క పొడుగు మినార్లు ఉండవు, ఒకటెనక ఒకటి వాకిళ్లు, చెట్లు, చెక్క కమాన్లు, నడుమ ఎనిమిది మూలల గోపురం, గోడల మీద మాత్రం అరబ్బీ రాతలు. లోపలికి రాంగనే బస్తీ సప్పుడు మొత్తం ఆగిపోతది. నమాజ్ హాలు లోపటికి ముస్లింలకే ప్రవేశం, మన ముస్లిం దోస్తులైతే నమాజ్ చేస్కోవచ్చు, మిగిలినోళ్లు బయిట మెట్ల కాడ నుంచే చూడాలె. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేస్కోండ్రి, నమాజ్ చేసేటోళ్ల ఫోటోలు తియ్యకుండ్రి.

మూడో జోడికే బుకింగ్ కష్టం. షియావ్‌జాయ్ మెట్రో స్టేషన్‌ల దిగితే షాన్షీ హిస్టరీ మ్యూజియం, 1991ల తెరిచింది, టికెట్ ఫ్రీ, సోమవారం బంద్. ఫ్రీ కాబట్టే స్లాట్లు ఇడవంగనే అయిపోతయి. దొరకకపోతే గేటు కాడ తిరిగే బ్రోకర్ల దగ్గర కొనకుండ్రి, టికెట్ పాస్‌పోర్టుకు కట్టి ఉంటది కాబట్టి వాళ్లు అమ్మేది లోపట పనికి రాదు. పైసలిచ్చి చూసే స్పెషల్ ప్రదర్శనకు స్లాట్ ఉంటదేమో చూడుండ్రి, అది జల్ది నిండది. లేదంటే 2024ల తెరిచిన చిన్-హాన్ బ్రాంచ్ ఉన్నది, ఊరికి దూరం గని పెద్దది, వస్తువులు మంచియి.

లోపటికి పోయినంక అన్నీ చూద్దామని ఉరకకుండ్రి. టాంగ్ కాలం మీదనే మనసు పెట్టుండ్రి, ముఖ్యంగ హెజియాసున్ నిధి. 1970ల షియాన్ ఊర్లనే ఒక కట్టడం పనికి తవ్వుతుంటే పెద్ద కుండలల్ల బంగారు, వెండి సామాన్లు, నాణేలు, రత్నాలు అన్నీ కలిపి వెయ్యికి పైగ వస్తువులు దొరికినయి. కొమ్ము ఆకారంల జంతువు తల చెక్కిన అకీకు రాయి గిన్నె, మూతిల కప్పు పట్టుకొని ఆడుతున్న గుర్రం బొమ్మ ఉన్న వెండి కూజా చూస్తే కదలబుద్ధి కాదు. వాటితో పాటు పర్షియా వెండి నాణెం, బైజాంటియం బంగారు నాణెం, జపాన్ నాణేలు సుత దొరికినయి, ఒక్క ఇంట్ల దాచిన మూటల ఇన్ని దేశాల సొమ్ములు. అప్పటి చాంగాన్ ఎంత పెద్ద బజారో ఆ నాణేలను చూస్తేనే తెలుస్తది.

పగటికి మ్యూజియం నుంచి తూర్పుకు నడిచి పెద్ద పగోడాకు పోవాలె, దా యాన్ టా. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ అని మనం బడిల చదువుకున్నం కదా, ఆయన తెచ్చిన గ్రంథాలు దాచేటందుకు 652ల కట్టింది. 629ల బయలెల్లి 645ల తిరిగొచ్చిండు, 657 గ్రంథాలు తెచ్చిండు, మన తెలుగు నేలకు సుత వచ్చి వేంగి, ధాన్యకటకం గురించి రాసిండు. మన పెద్దపల్లి దిక్కు ధూళికట్ట స్తూపం చూసినోళ్లకు ఇది ఇంకా దగ్గరైతది, ఆ కాలంల బౌద్ధం మన ఊర్ల నుంచి ఈ ఊరి దాకా ఎట్ల పాకిందో ఇక్కడ కండ్లముందు కనవడ్తది. ఇప్పుడు ఏడంతస్తులు, ఎత్తు దాదాపు 64 మీటర్లు. గుడి ఆవరణకు ఒక టికెట్, పగోడా ఎక్కేటందుకు ఇంకో టికెట్, ఎక్కకపోయినా నష్టం లేదు, గుడిల హుయాన్‌త్సాంగ్ కథ చెప్పే హాళ్లు మాత్రం చూడుండ్రి. ఇంకో సంగతి, ఇప్పుడు ఈ పగోడా కోటగోడకు చానా దూరంల బయిట ఉన్నట్టు కనవడ్తది గని టాంగ్ కాలంల ఇది ఊరి లోపటనే. అప్పటి ఊరు ఇప్పటి గోడ లోపలి జాగకు ఏడింతల దాకా ఉండేది. పగోడా దక్షిణం దిక్కు రాత్రి లైట్ల సడక్ ఉంటది, టాంగ్ బట్టలు కట్టుకున్న పిల్లలు ఫోటోలు దిగుతరు, చూసేటందుకు సంబురంగ ఉంటది గని అదంతా ఈ మధ్య కట్టింది, పాతది కాదు, టైం మిగిలితేనే పోండ్రి.

సోమవారం ఖాళీగ కూసోవద్దు. చిన్న పగోడా కాడ ఉన్న షియాన్ మ్యూజియానికి మంగళవారం సెలవు, సోమవారం తెరిచే ఉంటది, నాన్‌షావ్‌మెన్ స్టేషన్‌ల దిగి నడువొచ్చు. ఆ పగోడా 707ల మొదలువెట్టిండ్రు, భూకంపాలకు పై రెండంతస్తులు పోయినయి గని ఇప్పటికీ పదమూడు అంతస్తులు నిలబడ్డయి. సముద్రం మీదికెళ్లి నలందాకు వచ్చి చదువుకున్న చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్ ఈ గుడిలనే అనువాదాలు చేసిండు. తోట మంచిగుంటది, జనం తక్కువ, పెద్దోళ్లను తీస్కపోతే పెద్ద పగోడా కన్నా ఇదే నయం అంట.

ఇగ మట్టి సైనికులు, అంటే చిన్ షి హువాంగ్ అనే చక్రవర్తి సమాధికి కాపలాగ పాతిపెట్టిన మట్టి బొమ్మల సేన. దీనికి ఒక పూర్తి రోజు ఇడిచిపెట్టాలె. ఊరికి తూర్పున లిన్‌టోంగ్‌ల ఉన్నది, మెట్రో 1వ లైన్ మీద ఫాంగ్‌జిచెంగ్ దాకా పోయి 9వ లైన్ మారి హువాచింగ్ చి స్టేషన్‌ల దిగి లోకల్ బస్సెక్కాలె. స్టేషన్ బయిట కారు మాట్లాడుకునేటోళ్లు మీదపడ్తరు, చవుకగ తీస్కపోతమని మధ్యల బొమ్మల ఫ్యాక్టరీ దుకాణంల దింపుతరు, వద్దనుండ్రి. టికెట్ 120 యువాన్లు, ఆన్‌లైన్ల ముందే తీస్కోవాలె. తెరిచే టైంకే ఉండండ్రి, టూర్ బస్సులు రాకముందే బొమ్మలు దొరికిన గుంటలల్ల నేరుగ 1వ గుంటకు పోండ్రి.

1974ల బావి తవ్వుతున్న రైతులకు దొరికింది ఇదంతా. 1వ గుంట 230 మీటర్ల పొడుగు, 62 మీటర్ల వెడల్పు. అందరు ముందటి రెయిలింగ్ కాడనే తోసుకుంటరు, మీరు పక్క నుంచి ఎనకకు నడువుండ్రి. ఎనక దిక్కు ఇప్పటికీ ముక్కలు అతికే పని నడుస్తుంటది, నంబర్లు కట్టిన చేతులు, నడుములు, తలకాయ లేని మొండాలు వరుసల నిలబెట్టి ఉంటయి, నాకైతే ముందటి దృశ్యం కన్నా ఇదే ఎక్కువ నచ్చుతది. పైన చెక్క కప్పు కాలి కూలిపోయింది కాబట్టి దాదాపు అన్నీ ముక్కలుగనే దొరికినయి, ఒక్కొక్కటి మనుషులు కూసొని జోడిచ్చినయే. మొత్తం 8000 దాకా ఉంటయని అంచనా, ఎక్కువశాతం ఇంకా మట్టిలనే ఉన్నయి, ఎందుకు తీయరంటే వాటికి ఎన్కట రంగులుండేవి, బయిటి గాలి తగలంగనే రంగు కింది లక్క పొర ఎండి లేచిపోతది. 2వ గుంటల అద్దాల పెట్టెల ఉన్న మోకాలు వంచిన విలుకాడిని దగ్గర నుంచి చూడుండ్రి, చెప్పు కింద కుట్లు సుత చెక్కిండ్రు. 3వ గుంట చిన్నది, సేనాపతుల జాగ, జల్ది అయిపోతది.

చానా మంది ఇక్కడి నుంచే వాపస్ పోతరు. అదే టికెట్ మీద ఫ్రీ బస్సెక్కి లిషాన్ తోటకు పోవచ్చు, చిన్ షి హువాంగ్ సమాధి దిబ్బ ఆడనే ఉన్నది. క్రీస్తుపూర్వం 221ల చైనాను ఒక్కటి చేసి 210ల సచ్చిపోయిన రాజు, సమాధి లోపల పాదరసం నదులు పారిచ్చినట్టు పాత చరిత్రకారుడు సీమా చియెన్ రాసిండు, దిబ్బ మట్టిల పాదరసం ఎక్కువున్నట్టు పరీక్షల్ల తేలింది, ఇప్పటిదాకా తెరవలేదు. 1980ల దొరికిన రెండు కంచు రథాలు సుత ఈ దిక్కే వేరే మ్యూజియంల ఉన్నయి, అసలు రథంల సగం సైజు, గుర్రం కళ్లెం గొలుసుల ఒక్కో రింగు లెక్కపెట్టుకోవచ్చు. మన పెంబర్తి దిక్కు కంచు, ఇత్తడి పని చేసేటోళ్ల ఇండ్లల్ల నుంచి ఎవరన్నా పోతే ఆ రథాల ముందల గంటైనా నిలబడ్తరు. సైనికుల కాడ మొత్తం ఓపిక ఖర్చు చేస్కోకుండా దీనికి కొంత ఉంచుకోండ్రి.

వచ్చేటప్పుడు ఓపికుంటే ఫాంగ్‌జిచెంగ్ తర్వాత స్టేషనే బాన్‌పో. 6000 ఏండ్ల కిందటి పల్లె, 1953ల దొరికింది, 1954 నుంచి 1957 దాకా తవ్విండ్రు, 1958ల మ్యూజియం చేసిండ్రు. ఇండ్ల పునాదులు, ఊరి చుట్టూ కందకం, పసిపిల్లలను పాతిపెట్టిన కుండలు ఉన్నజాగలనే పైకప్పు వేసి చూపెడ్తరు, జనం ఉండరు. లోపటికి ఇడిచే టైం సాయంత్రం ముందే ఆగిపోతది, చూసుకొని దిగుండ్రి.

ఎప్పుడు పోవాలె అంటే ఏప్రిల్, మే, మల్ల సెప్టెంబర్ నుంచి నవంబర్. అక్టోబర్ 1 నుంచి 7 దాకా, మే 1 నుంచి 5 దాకా, వాళ్ల కొత్త సంవత్సరం సెలవుల్ల అస్సలు పోకుండ్రి, దేశమంతా ఆడనే ఉంటది. జూలై, ఆగస్టు బడి సెలవులు, ఎండ సుత మస్తు. పెద్దోళ్లకు చానా కాడ టికెట్ తగ్గుతది, పాస్‌పోర్ట్ చూపెట్టి కౌంటర్ల అడుగుండ్రి. లైటర్లు, కత్తులు మెట్రోలనే ఆపుతరు. చైనా లోపల ఫ్లైట్ ఎక్కేటోళ్లు పవర్ బ్యాంక్ మీద వాళ్ల 3సీ అనే సేఫ్టీ గుర్తు ఉందో లేదో చూసుకోండ్రి, 2025 జూన్ నుంచి గుర్తు లేనియి తీసేసుకుంటున్నరు. పాత సామాను అని గల్లీల అమ్మే నాణేలు, కంచు బొమ్మలు కొనకుండ్రి, 1911కు ముందటి వస్తువులు దేశం దాటించనియ్యరు, మ్యూజియం దుకాణంల నకలు బొమ్మ కొని బిల్లు పాస్‌పోర్ట్ తోని పెట్టుకుంటే ఎయిర్‌పోర్టుల అడిగినా చూపెట్టొచ్చు.